బుల్లమ్మ మరిచిపోయిన మధ్యాహ్నం

పుణ్యవతి ఎనిమిదింటికల్లా బరంపురం లంజిపల్లిలో ఆటో దిగి కన్నమ్మ ఇంటి గేటు తీస్తుంది. కన్నమ్మ తల్లి బుల్లమ్మని లేపి, మొహం కడిగి, పక్క మార్చి, తడి గుడ్డలు బకెట్లో పడేసి, ఇడ్లీ పాలల్లో మెత్తగా మెదిపి తినిపిస్తుంది. తర్వాత, తనని ఆయాగా పంపిన ఏజెన్సీ ఇచ్చిన పుస్తకం తెరిచి రాస్తుంది. ముసలమ్మ ఎంత తిన్నది, ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్లింది, ఎన్ని అడుగులు నడిచింది, ఏ జ్ఞాపకాలు వచ్చాయి.

ఆ చివరి గడి గురించి, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి మాత్రమే వివరంగా చెప్పాల్సి వస్తుంది. మతిమరుపు ముదిరినవాళ్లు ఏదైనా ఒక సంగతిని పూర్తిగా మరిచిపోయారంటే, అది గాల్లో కలిసిపోదు. ఆ క్షణాన వాళ్లకి చెయ్యి అందేంత దగ్గర్లో ఎవరుంటే వాళ్లకి వచ్చేస్తుంది. డ్యూటీలో వచ్చినదాన్ని ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పి అప్పగించి వెళ్లాలి. అప్పగిస్తే మన ఒంట్లోంచి దిగిపోతుంది. ఇంటివాళ్లు వద్దన్నారంటే ఇక మన పాలే.

పదేళ్లలో ఆరిళ్లు చేసిన పుణ్యవతి దగ్గర అలాంటి దిక్కులేనివి బోలెడున్నాయి. ఒక రైల్వే గుమాస్తా తన పై అధికారిని తిట్టాలనుకుని, తిట్టలేక మింగేసిన మాటలున్నాయి. పాత్రపూర్ రైతు ఒకాయన అమ్మేసిన ఎద్దు, తోలుకుపోతుంటే వెనక్కి తిరిగి చూసిన చూపు ఉంది. ఆ ఎద్దు సంగతి నాకెందుకమ్మా అని విసుక్కున్నాడు రైతు కొడుకు. పుణ్యవతికి ముప్పయ్యారేళ్లే. అయినా సాయంత్రం తన ఊరు చమఖండి వెళ్లే బస్సులో కూలబడితే, నలుగురు ముసలివాళ్ల నడుములు ఒక్కదానికే నొప్పెడుతున్నట్టుంటుంది.

బుల్లమ్మ కూతురు కన్నమ్మకి యాభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. పోయిన నెలలో బాత్రూంలో కళ్లు తిరిగి పడింది ఈవిడే, ముసలామె కాదు. ఆ కబురు విని, సూరత్‌లో మిల్లు పని చేసుకునే తమ్ముడు సూరన్న కంగారుపడి, అక్క పగలైనా కాస్త నడుం వాలుస్తుందని పుణ్యవతిని పెట్టించాడు. కన్నమ్మ నడుం వాల్చదు. పుణ్యవతి ఉన్న ఎనిమిది గంటలూ ఇంట్లోనే, పడగ్గదికీ వంటగదికీ మధ్య తిరుగుతూ ఉంటుంది.

"ఎల్లి పడుకో అక్కా. నానున్నాను కదా."

"పడుకుంటాను. గ్యాసు కట్టేసినానా?"

"ఇందాకే సూసొచ్చినావు."

"ఒకపాలి సూసొస్తాను."

రోజుకి ముప్పైసార్లు ఇదే వరస. పొయ్యి దగ్గరికి ఇంకొకరిని రానివ్వదు. అర్ధరాత్రి కూడా లేచి చూస్తుందని ఆవిడ కళ్ల కింద నలుపే చెబుతుంది. ముసలమ్మ కంటే ముందు ఈవిడే పోయేట్టుందని పుణ్యవతి భయం. అది ఉత్త భయం కాదు, ఇలాంటి కూతుళ్లని ఇద్దరిని ఇదివరకే చూసింది.

ఎందుకిలా అన్నది లంజిపల్లిలో ఎవరికీ తెలియదు. కన్నమ్మ వాళ్ల సొంతూరు, సముద్రపొడ్డు చమఖండిలోనే పుట్టిన పుణ్యవతికి తెలుసు. నలభై మూడేళ్ల కింద, తొమ్మిదేళ్ల కన్నమ్మ పొయ్యి ఆర్పకుండా ఆటలకి పోయిందట. పదకొండు పాకలు, వాటిలోని వలలు బూడిదయ్యాయి. మనుషులెవరూ పోలేదు గానీ, ఆ ఏడు వీధి వీధంతా అప్పడిగిన వలలతో వేటకెళ్లింది. బుల్లమ్మ మొగుడు మొహం చెల్లక పెళ్లాం పిల్లల్ని తీసుకుని బరంపురం చేరి, మళ్లీ పడవ ఎక్కకుండానే పోయాడు. ఆ గుంటది నిప్పు చెయ్యి అన్నారు జనం. కులంలో ఎవరూ పిల్లనడగలేదు. నా చేత్తో అమ్మ ఇల్లు కాల్చాను కాబట్టి ఈ చేత్తోనే అమ్మని చూడాలి అనుకుంది కన్నమ్మ. ఎన్ని గుడ్డలు పాడు చేసినా, ఎన్నిసార్లు అన్నం ఊసినా తల్లి మీద ఒక్కసారి గొంతు పెంచలేదు. అది ఓర్పనుకున్నారు ఇరుగుపొరుగు.

మంగళవారం మధ్యాహ్నం పుణ్యవతి ముసలమ్మ కాళ్లకి నూనె రాస్తోంది. కన్నమ్మ గ్యాసు చూడ్డానికి వంటింట్లోకి వెళ్లింది. బుల్లమ్మ పెద్దగా ఊపిరి వదిలింది, నెత్తి మీది చేపల తట్ట దించుకున్న మనిషిలాగ. ఆమె మరిచిపోయిన సంగతొకటి వచ్చి పుణ్యవతి గొంతులో పడింది.

ఆ రోజు చమఖండిలో ఎండ మండిపోతోంది. తొమ్మిదేళ్ల కన్నమ్మ చెంబుడు నీళ్లు పొయ్యిలో గుమ్మరించి, "అమ్మా, ఆర్పీసినాను" అని బయటికి ఉరికింది. కాసేపటికి బుల్లమ్మకి ఆకలేసింది. పిడికెడు సరుగుడాకు తోసి, మళ్లీ రాజేసి, పులుసు వెచ్చబెట్టుకుంటోంది. ఒడ్డు నుంచి కేక వచ్చింది. పడవ అల దాటి ఒడ్డుకొస్తోంది. వేలం పాట మొదలవకముందే తట్టతో నిలబడకపోతే ఆ పూట చేప దక్కదు. బుల్లమ్మ పొయ్యి అలాగే వదిలి తట్ట పట్టుకుని పరుగెత్తింది. వెనక్కి తిరిగేసరికి పొగ.

సాయంత్రం కులపెద్దలు ఇసకలో కూర్చున్నారు. ఇంటి ఆడది చేసిన తప్పయితే, పదకొండు పాకలూ లేచేదాకా ఆమె మొగుడి పడవకి ఎవరూ చెయ్యి వెయ్యరు. ఒంటరిగా పడవ నీళ్లలోకి తొయ్యడం ఎవరి తరమూ కాదు. పసిపిల్ల తప్పయితే శిక్ష లేదు. అది వాళ్ల కట్టుబాటు. "పొయ్యికాడ ఎవులున్నారు?" అన్నారు. "గుంటే కదా ఉంది" అన్నారు ఎవరో. అందరూ బుల్లమ్మ వైపు చూశారు. పిల్ల కూడా తల్లినే చూస్తోంది.

బుల్లమ్మ తలూపింది.

"కట్టేసే ఉంది" అంటూ కన్నమ్మ వంటింట్లోంచి వచ్చింది. పుణ్యవతి పుస్తకంలో 'ఏమీ రాలేదు' అని రాసింది. పదేళ్లలో మొదటిసారి తప్పు రాసింది.

చెబితే ఏమవుతుంది? కన్నమ్మ చీర కొంగు దులుపుకుని వెళ్లిపోతే తప్పేముంది? వెళ్లిపోతే, మంచంలో ఉన్న ఈ పండుటాకుకి ముద్ద ఎవరు పెడతారు? సూరత్ తమ్ముడా? మూడు రోజులు పుణ్యవతి అలా దాచుకుంది. ఇంట్లో సొంత కూతురు కళ్లలోకి చూడలేకపోయింది. బుల్లమ్మ మాత్రం ఆ మూడు రోజులూ హాయిగా నిద్రపోయింది, కిటికీలో కాకితో కబుర్లాడింది, కొబ్బరి ముక్క కావాలని మారాం చేసింది. ఆమెని చూస్తే పుణ్యవతికి ఒళ్లు మండింది, జాలీ వేసింది.

శుక్రవారం కన్నమ్మ వంటింటి గుమ్మం దగ్గర తూలి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. మొహం సున్నంలా ఉంది. ఇక ఆగలేకపోయింది పుణ్యవతి.

"అక్కా, ఇలా కూకో. సెయ్యియ్యి."

"ఏటి? ఏటైనా వచ్చిందా?"

"మంగళారమే వచ్చింది. రాయలేదు. తిట్టుకో, పరవాలేదు. ముందు ఇను."

చెయ్యి పట్టుకుని అంతా చెప్పింది, చెంబుడు నీళ్ల దగ్గర్నుంచి తలూపడం దాకా. చెప్పడం అయిపోగానే పుణ్యవతి గొంతు వదులైంది. ఇప్పుడు కథ తెలుసు గానీ, ఎవరో చెబితే విన్నట్టుంది. లోపలి భయమంతా కన్నమ్మలోకి దిగిపోయింది.

కన్నమ్మ చేతిని నేల నుంచి నాలుగడుగులైనా లేని ఎత్తున గాల్లో పెట్టింది.

"ఇంతే ఉన్నాను" అంది. "గౌను భుజం కాడ సిరిగిపోనాది. ముక్కు కారతంది. అమ్మ కళ్లతో సూత్తన్నాను పుణ్యా, ఇంత గుంటని! ఇంత గుంటనా ఇన్నేళ్లూ నాను తిట్టుకున్నాను?"

అప్పుడు ఏడ్చింది. పుణ్యవతి ఆపలేదు. ఏడుపు అయ్యాక కన్నమ్మ లేచి తల్లి మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఎందుకు సెప్పలేదే అమ్మా? ఆళ్లకి సెప్పకపోతే పోనీ, నాకు సెప్పకూడదేటి? రాత్రి పక్కలో ఎట్టుకుని, నువ్వు కాదే అని ఒక్క మాట!"

బుల్లమ్మ బోసినోటితో నవ్వింది. "ఎవులమ్మా నువ్వు? ఆకలేత్తంది."

కన్నమ్మ పిడికిళ్లు బిగుసుకున్నాయి. పుణ్యవతి గబుక్కున లేవబోయింది. కన్నమ్మ ఆమెని చేత్తోనే ఆపి, అన్నం గిన్నె తెచ్చుకుని మంచం మీద కూర్చుంది. మొదటి ముద్ద బుల్లమ్మ ఎప్పట్లాగే ఊసేసింది.

"నోరు తెరు, ముసిల్దానా!" వీధిలోకి వినపడేలా అరిచింది కన్నమ్మ. "తిను! అప్పుడెంత బయపడ్డావో నాకిప్పుడు తెలిసింది గానీ, నీ మీద కోపం పోలేదు. తొందరగా పోదు కూడా. తిను!"

బుల్లమ్మ బుద్ధిగా నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయింది. చెయ్యి కడుక్కుని వచ్చిన కన్నమ్మ చాప పరుచుకుని పడుకుంది. అంతే, గ్యాసు చూడ్డానికి కూడా లేవకుండా, పొద్దు గుంకేదాకా కదల్లేదు. పుణ్యవతి డ్యూటీ నాలుగింటికే అయిపోయినా కూర్చునే ఉంది.

లేచాక కన్నమ్మ అడిగింది, "ఆదోరం వత్తావా?"

"ఆదోరం నాకు సెలవు కదక్కా... వత్తాన్లే. ఎక్కడికైనా ఎల్తావా?"

"సమఖండి. ఎవులికీ ఏటీ సెప్పనులే. ఆ మనిసికే గుర్తు లేదు, ఇంకెవుల్తో తగువు? ఒడ్డున కాసేపు కూకుంటాను. నలబై మూడేళ్లయింది."

ఆదివారం కన్నమ్మ కొత్త చీర కట్టుకుని, సాయంత్రం నాలుగింటికల్లా వచ్చేస్తానని చెప్పి ఆటో ఎక్కింది. తిరిగొచ్చేసరికి ఏడున్నర దాటింది. ఆలస్యం ఎందుకైందో ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.