రక్తం ఇవ్వని వార్డు

ముందు సంతకాలు పెట్టించుకున్నారు. ఆ తర్వాత దోమల డబ్బా మీద చెయ్యి పెట్టించి కుట్టించారు. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేలాలంటే ముందు మనిషికి మలేరియా రావాలట! మిల్లు మూసేస్తే రోడ్డున పడ్డ ఇరవై మందికి ఇంతకన్నా ఏం పని దొరికింది గనక?

ఆ ఇరవై మందిలో ఓ వదినా, ఆమె మరిదీ ఉన్నారు. పన్నెండో రోజుకి మరిది మూడు దుప్పట్ల కింద గజగజ వణుకుతున్నాడు. వదిన ఒళ్లూ కాలిపోతోంది గానీ ఆమె ధ్యాసంతా వాడి మీదే.

"చార్టులో జ్వరం లేదు. వరసగా రెండు పూటలు జ్వరం కనబడితేనే మందు," అన్నాడు డాక్టరు.

జ్వరం బయటపడితే పేరు కొట్టేసి, డబ్బులివ్వకుండా ఇంటికి పంపేస్తారని వార్డులో పుకారు. అందుకే థర్మామీటరు పెట్టే ముందు ఐసుముక్క చప్పరించమని వార్డందరికీ నేర్పింది వదినే. తన తెలివి తెల్లారినట్టే ఉంది!

"అయ్యా, ఆ అంకెలన్నీ అబద్ధం. నేనే చేయించాను. నుదుటి మీద చెయ్యేసి చూడండి!"

"రాసింది రాసిందే. ఇవాళ్టి నుంచి రెండు పూటలు చూద్దాం."

ఆయన చెయ్యి కాగితం మీంచి కదల్లేదు. వదినకి ఒళ్లు మండిపోయింది.

"సంతకం పెట్టి చచ్చాం కదమ్మా, ఏం మాట్లాడతాం?" అన్నాడు బస్తాలు మోసే పెద్దాయన.

"కుట్టించుకోడానికి పెట్టాం, చావడానికా? ఎవరి జ్వరం వాళ్లం దాచుకుని ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. రోజూ పొద్దున్నే తీసుకునే మన రక్తం లేకపోతే వీళ్ల పరీక్షే లేదు. ఇవ్వడం మానేద్దాం!"

"గెంటేస్తే?"

"ఇరవై మందినీ గెంటి ఎవరి మీద చేస్తారు?"

పొద్దున్నే నర్సు సూదుల ట్రేతో వచ్చింది. మొదటి మంచం మీద పెద్దాయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"వాడికి మందేస్తేనే, తల్లీ."

రెండో మంచం, మూడో మంచం, చివరిదాకా అదే మాట. డాక్టరు పరుగున వచ్చి అరిచాడు, బెదిరించాడు. ఒక్కరూ చెయ్యి చాపలేదు. అరగంటలో మరిదికి మాత్రలొచ్చాయి. అరగంట పని! దీనికోసమా ఇంత ఏడిపించారు!

మాత్రల వెనకే పోలీసులొచ్చారు, జనాన్ని రెచ్చగొట్టిందని వదిన కోసం.

"పదండి, వస్తాను. మరి నా మాత్ర?"

"నీ పేరు కొట్టేశాం. ఇక్కడ నీకేం లేదు," అన్నాడు డాక్టరు.

వార్డు ఒక్కసారిగా భగ్గుమంది. దుప్పట్లతో సహా లేచొచ్చి అందరూ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. మరిది కూడా గోడ పట్టుకుని వచ్చి కూలబడ్డాడు.

"ఆవిడ మాత్ర మింగందే," అన్నాడు పెద్దాయన పోలీసులతో, "మీరూ ఈ గుమ్మం దాటరు."