ఇంటామె ఒప్పుకోలేదు

మూత్రం సంచి పారబోసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని రొట్టెల పిండి ముందు కూర్చుంటే, మా అత్త తిమ్మక్క గడప దగ్గర నుంచి అంటుంది, "ఇంగో తూరి కడుక్కోమ్మే, ఆ చేత్తోనే గదా రొట్టె తట్టేది" అని. ఆ మూత్రం ఆమె కన్న కొడుకుదే. ఆ రొట్టె తినేదీ ఆయనే. నడుమ ఉన్న చేతులు నావి గనుక మైల వాటికే అంటుతుంది. మూడోసారి కడుక్కుంటాను. వాదనకు దిగితే పెనం మీది రొట్టె మాడిపోతుంది, పత్తి మిల్లుకు ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే మేస్త్రి అందరి ముందరా "రోగం నీ మొగుడికా, నీకా?" అంటాడు. రోజుకు ఇన్ని మాటలు పడాలని నా నుదుట రాసి ఉంటే, పొద్దున్నే ఒకటి తగ్గించుకోవడం మంచిదే కదా.

మా ఆయన ఉరుకుందప్ప ఆదోని మార్కెట్ యార్డులో ఇరవై ఆరేళ్లు హమాలీ. నడుం నొప్పి మొదలైనప్పుడు అది బరువులు మోసిన నొప్పేనని అందరం అనుకున్నాం. హమాలీకి నడుం నొప్పి లేదంటే వాడు పని దొంగ అంటారు యార్డులో. ఆరు నెలలు నూనె రాశాను, ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టాను, వీధి చివరి ఆర్‌ఎంపీ ఎన్ని సూదులు వేశాడో లెక్కే లేదు. చివరికి ఒక రోజు మూత్రం పూర్తిగా ఆగిపోయి కర్నూలుకు తీసుకుపోతే అసలు సంగతి తెలిసింది. మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సర్, అప్పటికే తుంటి ఎముకలోకీ వెన్నెముకలోకీ పాకింది. మేం రుద్దిందంతా దాని మీదే.

ఇది రెండేళ్ల కిందటి మాట. పూర్తిగా నయం కాదు, అణచి పెట్టవచ్చు అన్నారు. ఆ జబ్బుకు మగవాడి ఒంట్లో ఊరే హార్మోనే తిండి అట. మూడు నెలలకొక సూది వేస్తే ఆ ఊట ఆగుతుంది. సూది పడ్డాక ఆయనకు ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు వచ్చేవి, రొమ్ములు కాస్త ఉబ్బాయి, ఎండాకాలంలో కూడా బనీను విప్పేవాడు కాదు. మంచం మీది సంగతి కూడా ఆగిపోయింది. ఆయన దానికి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నిజం చెప్పొద్దూ, నాకేమీ కరువనిపించలేదు. ముప్పై ఏళ్లలో అందులో నా ఇష్టం అడిగింది ఎప్పుడని?

మొన్న మంగళవారం మళ్లీ కర్నూలు వెళ్లాం. ఆయన, నేను, మా బావ ఈరన్న. బావ అంటే ఆయనకు అన్న, పత్తి కొట్లో గుమస్తా, ఇంట్లో ఏ మాటకైనా ఆఖరి మాట. నడుం నొప్పి మళ్లీ ముదిరింది, ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి, మా ఆసుపత్రి పుస్తకం తెరిచి, నేరుగా నా వైపు తిరిగింది.

"ఏమ్మా, నవంబరు సూది లేదు, ఫిబ్రవరి సూది లేదు. ఇంట్లో నువ్వేం చేస్తున్నావు? మనిషిని ఇలాగేనా చూసుకునేది?"

నాకు అర్థం కాలేదు. ఆ రెండు సూదుల రోజులూ నాకు బాగా గుర్తున్నాయి. తెల్లవారకముందే లేచి రొట్టెలు, చెనిగ్గింజల పొడి కట్టి అన్నదమ్ములిద్దరినీ బస్సెక్కించి, నేను మిల్లుకు పోయాను. సాయంత్రం మా ఆయన వచ్చి "సూది ఏసినారు, ఈ తూరి అంత నొప్పి ల్యా" అన్నాడు. వేడినీళ్లు కూడా కాచి పోశాను. ఇప్పుడు ఆయన వైపు చూస్తే కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. బావ చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. నోరు తెరిస్తే ఇద్దరి పరువూ అక్కడే పోతుంది. వాళ్ల పరువుకు మూత పెట్టడం తప్ప నా నోటికి వేరే పని ఎప్పుడిచ్చారు? "తప్పైపోయింది మేడం" అన్నాను. నేను చేయని తప్పు, నా నోటితో. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు ఆమె విడమరచి చెప్పింది. మందు ఆగిన ఆర్నెల్లలో జబ్బు పెరిగింది. వెన్నులో ఒక ఎముక గుల్లబారింది, అది కూలితే కాళ్లు చచ్చుబడిపోతాయి. దానికి ముందుగా అయిదు రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. ఆ తరువాత దారులు మూడు. ఒకటి, చిన్న ఆపరేషన్ చేసి రెండు బీజాలూ తీసేయడం. ఆ హార్మోను ఊరేదే అక్కడ కాబట్టి ఇక సూదితో పని లేదు, ఎగ్గొట్టే వీలూ లేదు. దాంతోపాటు రోజూ మాత్రలు. రెండోది, సూది తప్పకుండా వేయించుకుంటూ మూడు వారాలకొకసారి సెలైన్‌లో కీమో ఎక్కించుకోవడం, కానీ ఇంత నీరసంలో ఆయన తట్టుకోగలడో లేదో. మూడోది, ఇవేవీ వద్దనుకుంటే నొప్పి తెలియకుండా మందులిచ్చి ఇంట్లో చూసుకోవడం. "నేనైతే మొదటిదే మంచిదంటాను. ఆలోచించుకుని సోమవారం రండి" అంది.

తిరుగు బస్సులో బావ వెనక సీట్లో నిద్రపోయాక ఆయన్ని అడిగాను. కాసేపు నసిగి చెప్పాడు. "హొళగుంద పక్క ఒగాయప్ప ఆకుమందు ఇస్తాడు మే. నలభై దినాలు పథ్యం. ఇంగ్లీషు సూది పడితే ఆ మందు ఇరిగిపోతాదంట. ఆయప్ప మందుకు మగతనం గూడా తిరిగొస్తాదని అన్న సెప్పినాడు."

"నాకు ఒక మాట సెప్పింటే?"

"సెప్తే నువ్వు వద్దంటావని..."

అవును, వద్దనేదాన్నే. నాకది తెలుసు, ఆయనకూ తెలుసు. నా మాట వినకూడదని కాదు, అసలు నా నోటి నుంచి రానీయకూడదని దాచారు. నేను కట్టిన రొట్టెలు హొళగుంద దారిలో తిని, నాకు సూది నొప్పి కథ చెప్పాడు. కోపంతో పాటు భయం కూడా వేసింది. ఆ ఎడమ కాలు తిమ్మిరి ఆర్నెల్లు సూది లేని ఫలితం.

ఆదివారం పంచాయితీ పెట్టారు, మా ఇంట్లోనే. బావ కుర్చీలో, అత్త గోడకానుకుని, ఆయన మంచం మీద చాప ఈనెలు తుంచుతూ. నేను టీ పోశాను.

"మగోన్ని కోసి మగోడు గాకుండా సేస్తారా? బజారులో తలెత్తుకుని తిరగాల వాడు" అన్నాడు బావ.

"నా కొడుకును ఎద్దును సేసినట్ల సేస్తారంటనా? నా పానం పోయినా ఒప్పుకోను" అని అత్త చెంగు నోట్లో కుక్కుకుంది.

నేను గ్లాసులు తీస్తూ వింటున్నాను. నవ్వొచ్చింది, నిజంగానే. నా ఇరవై రెండో ఏట రెండో కాన్పయిన మూడో నెలలో, ఇదే బావ ఇదే ఇంట్లో నిలబడే చెప్పాడు, "మొగోనికి సేస్తే బరువు మోయల్యాడు. ఆయమ్మికి సేయించండి" అని. దానికి కుర్చీ కూడా వేసుకోలేదు. మర్నాడు జీపులో ఎక్కించారు. బడిలో కుటుంబ నియంత్రణ క్యాంపు, బెంచీలు తోసి నేల మీద వరసగా పడుకోబెట్టారు మమ్మల్ని. కుట్లు చీము పట్టాయి. పదో రోజుకు పత్తి తీయడానికి పోయాను, నడుముకు కట్టిన ఒడిలో పత్తి నిండే కొద్దీ కుట్ల మీద బరువు పడేది. ఆయన బరువు మోయలేడని గదా నాకు చేయించింది! ముప్పై నాలుగో ఏట తెల్లబట్ట అవుతోందని పోతే, ఆదోనిలో ఒక నర్సింగ్ హోంలో గర్భసంచే తీసేశారు. కాగితం మీద ఆయన సంతకం పెట్టాడు, టీ తాగి వచ్చి. ఏం తీస్తున్నారని నన్నెవరూ అడగలేదు, ఏం తీశారో కూడా వారం తరువాత ఆయా చెప్పింది. ఆనాటి నుంచి నా ఎముకలు కూడా గుల్లబారుతూనే ఉన్నాయి, వాటికి ఫోటో తీయించిన వాళ్లు లేరు. నా లోపలి నుంచి రెండుసార్లు కోసుకుపోయారు, ఏ పంచాయితీ కూర్చోలేదు.

ఆఖరికి బావ తేల్చాడు. కరెంటు పెట్టించుకుందాం, నొప్పి మాత్రలు తెచ్చుకుందాం, ఆపరేషన్ వద్దు, ఆకుమందు మళ్లీ మొదలుపెడదాం. "డాక్టరమ్మ ఏంటికంటే ఏం సెబుతాం?" అని అత్త అడిగింది.

"ఇంటామె ఒప్పుకోలేదని సెబుదాం. ఆడమనిషి ఏడుస్తాంది అంటే ఇంగేమీ అడగరు" అన్నాడు.

చేతిలో గ్లాసులతో అట్లాగే నిలబడిపోయాను. ముప్పై ఏళ్లుగా ఒప్పుకోవడానికీ కాదనడానికీ పనికిరాని మనిషిని, ఇప్పుడు వాళ్ల పిరికితనానికి అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చాను. రేపు ఆయన కాళ్లు పోతే యార్డు యార్డంతా అనుకుంటుంది, పెండ్లామే చేయించనీయలేదంట అని. ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటాడేమోనని. ఆయన ఈనె తుంచాడు.

సోమవారం మొదటి బస్సుకు బయలుదేరాం. ఎమ్మిగనూరు బస్టాండులో మా కూతురు సంతోషి నాలుగు నెలల బిడ్డను చంకనేసుకుని వచ్చింది, కిటికీలోంచి నాన్నకు బొరుగుల ఉగ్గాని పొట్లం అందించింది. "పెదనాయన సెప్పినట్ల ఇనండి మా" అంది. నా కిటికీ పక్కకు వచ్చి చిన్నగా, "వచ్చే నెల నాకు పిల్లలు గాకుండా ఆపరేషన్ సేయించాలంటాంది మా అత్త" అంది.

"నీ మొగుడు సేయించుకోకూడదా?"

"ఆయనది రోజంతా అంగట్లో నిలబడే పనంట మా. సేయించుకుంటే నడుము పట్టు పోతాదంట."

"నీకిష్టమేనా?"

దాని మొహంలో ఆశ్చర్యం కనిపించింది, తెలియని భాషలో ఏదో అడిగినట్టు. "నాదేముంది మా" అంది. బస్సు కదిలింది. కర్నూలు దాకా ఆ మాటే నా లోపల తిరిగింది. నేను నోరు మూసుకుని కూడబెట్టింది ఏమిటంటే, నా బిడ్డకు ఆ ఒక్క మాట. ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

డాక్టరమ్మ గదిలో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. "ఏమనుకున్నారు?" అంది ఆమె. బావ చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "మా వాడు సిద్ధమే మేడం. ఇంటామె ఒప్పుకోలేదు. ఒగటే ఏడుపు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మళ్లీ నువ్వేనామ్మా? ఆయన కాళ్లు పడిపోతే మోసేది నువ్వే కదా, ఎందుకు వద్దంటున్నావు?"

"నన్నెవరూ అడగలేదు మేడం" అన్నాను. "ఆ రెండు సూదులు ఎగ్గొట్టి ఆకుమందుకు పోయినప్పుడూ అడగలేదు, మొన్న పంచాయితీలోనూ అడగలేదు. నేను వద్దనలేదు. ఏడవనూ లేదు."

"ఏమ్మే, నోరు..." అని బావ అందుకున్నాడు.

డాక్టరమ్మ చెయ్యెత్తి బావను ఆపింది. నా వైపు ఇంకోలా చూసింది. "సరే, ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేద్దాం?"

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న అది. తీరా వచ్చాక అది నాది కాదనిపించింది. ఆయన వైపు తిరిగాను. "ఒళ్లు నీది. నువ్వు సెప్పప్పా."

"నువ్వే సెప్పు మే" అన్నాడు, తల దించుకునే. "నువ్వెట్లంటే అట్ల."

"నన్ను కోసేటప్పుడు నువ్వు సెప్పినావు, రెండుసార్లు. నిన్ను కోసేకి నేను సెప్పను. నీ అన్న గూడా సెప్పకూడదు. నీకు బతకాలని ఉంటే నీ నోటితో సెప్పు, వద్దంటే అదీ నువ్వే సెప్పు."

బయట నర్సు ఎవరి పేరో పిలిచింది. ఆయన తిమ్మిరెక్కిన ఎడమ తొడను చేత్తో నొక్కుకున్నాడు. ఆయన మొహం అంత భయంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. జాలి వేసింది. అయినా మాట అందించలేదు.

"కాళ్లు పోతే నేను బతకలేను మేడం" అన్నాడు చివరికి. "సేయండి. తీసేయండి."

బావ మొహం తిప్పుకున్నాడు. ఆయన సంతకం పెట్టాడు, వంకరగా, తన పేరు తానే చదువుకుంటూ. డాక్టరమ్మ కాగితం దగ్గరకు లాక్కుని అడిగింది, "మాత్రలు రోజూ పరగడుపున పడాలి. రక్త పరీక్షలు తప్పకూడదు. కాళ్లలో బలం తగ్గినట్టనిపిస్తే అదే రోజు తీసుకురావాలి. ఎంత చేసినా ఇది మళ్లీ ముదిరే జబ్బే, అప్పుడు ఇంకా కష్టం. ఇంట్లో చూసుకునేది ఎవరు?"

"మా హులిగమ్మ ఉంది గదా మేడం" అన్నాడు బావ వెంటనే.

ఆమె నా పేరు రాయబోయింది. "రాయొద్దు మేడం" అన్నాను. "నన్నడగలేదు ఇంకా."

ఆయన మెల్లగా తలెత్తి నా మొహంలోకి చూశాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో నన్ను మొదటిసారి ఒక మాట అడిగాడు.

"సూసుకుంటావా మే?"

"మీకు ఆరు దినాలు ఇచ్చినారు" అన్నాను. "నాకు గూడా ఆలోసించుకునేకి టైం గావాల."