చేతికి తెలియని పదును

మా ఆయన ఇమ్మానుయేలు చెప్పందే మా ఊళ్లో ఎవరూ మెట్టలో వేరుశనగ వేసేవారు కాదు. బొబ్బిలి రోడ్డు పక్కన ఎర్రనేలలు మావి. చెరువూ లేదు, బోరూ లేదు, వానే దిక్కు. వాన పడిన మర్నాడు ఆయన పొలంలో జానెడు గుంట తీసి, కుడి చెయ్యి అందులోకి దింపి కళ్లు మూసుకునేవాడు. ప్రార్థన చేస్తున్నాడని కొత్తవాళ్లు అనుకునేవారు. అడుగున గింజ మొలవడానికి చాలినంత తడి చల్లగా చేతికి తగిలితే "పదునుంది, ఏసుకోండి" అనేవాడు. పైతడి చూసి మురిసిపోయేవాళ్లని తెగ వెక్కిరించేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఆయన మాట తప్పు కాలేదు. ఆ గర్వం నాకూ ఉండేది, దాచుకోను.

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడు, వేసవి మొదట్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. నెలన్నరకి నడక వచ్చింది, చెయ్యీ ఆడింది. ఊరంతా సంతోషించింది. ఒకరోజు పొయ్యి మీది గంజి తపేలాను కుడిచేత్తో పట్టుకుని తాపీగా కింద పెట్టాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. నేను చూసి గోల పెట్టేదాకా ఆయనకు తెలియనే లేదు.

"ఎవలికీ సెప్పకే, దానమ్మా," అని నన్ను పేరు పెట్టి బతిమాలాడు. ఆ మొహం చూసి సరేనన్నాను.

మృగశిర కార్తెలో ఒక సాయంత్రం గంటసేపు వాన పడింది. తెల్లారేసరికి పక్క పొలం కూర్మనాథం పదిమందిని వెంటేసుకొచ్చాడు.

"రా మావా, సూసి సెప్పు. కాయలు వొలిసీసి కూకున్నాం."

ఆయన గుంట తీశాడు. నేను పక్కన వంగి, "ఎడం సెయ్యి పెట్టు," అని గొణిగాను. కొరకొరా చూశాడు. ఎడం చెయ్యి పెడితే కుడి చేతి సంగతి అందరికీ తెలిసిపోతుందని ఆయన భయం. కుడి చెయ్యే దింపి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"ఏటి మావా?"

"పదునుంది. ఏసుకోండి."

గుంట నా కాళ్ల దగ్గరే ఉంది. నా చెయ్యి పెట్టి చూడొచ్చు. పదిమంది ముందు ఆయన పరువు పోకూడదనుకున్నాను, అంతే.

ఆ రోజే అందరూ నాగళ్లు కట్టారు. మా నాగలి వెనక సాళ్లలో గింజలు వేస్తుంటే నా వేళ్లకి పొడిమట్టి తగిలింది. అయినా ఆగలేదు. చివరి గింజ దాకా వేసుకుంటూ పోయాను.

తర్వాత ఇరవై రెండు రోజులు చినుకు లేదు. గింజలు ఉబ్బి, మొలక బయటికి రాకుండానే మాడిపోయాయి. మిగిలినవి చీమలు తిన్నాయి. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. కూర్మనాథం మాత్రం మా గుమ్మం ముందునుంచి నడవడం మానేసి, చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

ఇరవై మూడో రోజు పొద్దుగూకేదాకా వాన దంచింది. మర్నాడు ఆయన మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. పొద్దెక్కినా ఎవరూ రాలేదు. రావడానికి ఎవరింట్లో గింజ ఉందని?

"రాయే," అని నన్ను పొలానికి తీసుకెళ్లాడు. గుంట తీసి, ఈసారి నా చెయ్యి పట్టుకుని అందులోకి దింపాడు.

"ఏటి తెలస్తంది?"

"సల్లగున్నాది."

"అడుగుదాకానా?"

"అడుగుదాకా. పదునే."

మనిషి అక్కడే కూలబడి ఏడ్చాడు. "నా సెయ్యి సచ్చిపోనాది. నీ సెయ్యి బాగానే ఉన్నాది గదే! ఆ రోజెందుకు పెట్టనేదే?"

సెప్పొద్దన్నది నువ్వే కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. సాళ్లలో నా వేళ్లకి పొడిమట్టి తగిలిన సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.