ఎస్‌డీబీలో అక్క గొంతు

మా బావకు లేబుళ్ల పిచ్చి. అందరి జేబులో పెన్ను ఉండే చోట ఆయన జేబులో లేబుళ్లు అచ్చువేసే చిన్న మిషన్ ఉంటుంది. తన రికార్డింగ్ స్టూడియోలో స్విచ్ మీద ‘స్విచ్’ అని, తలుపు మీద ‘తలుపు’ అని అంటించిన మహానుభావుడు. లేబుల్ లేక గోడలోంచి వెళ్లబోయినవాళ్లెవరో నాకైతే తెలియదు.

అక్కడ కంప్యూటర్లు చూసుకునేది నేను. ఆయన భార్య మా అక్క. అక్క గొంతులో గడ్డ వచ్చింది. గురువారం ఉదయం స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆ తర్వాత ఆమె మాట్లాడాలంటే ఒక పరికరమే దిక్కు. ముందే చదివి రికార్డు చేసుకున్న వాక్యాలను అది ఆమె గొంతుతోనే పలుకుతుంది. అందుకని మూడు వారాలు గాజు గదిలో కూర్చుని, గోరువెచ్చని నీళ్లు గుటకలేస్తూ, అక్క లిస్టు చూసి ‘రైలెన్నింటికి?’ లాంటి వాక్యాలు పద్నాలుగు వందలు చదివింది.

అవన్నీ ఒకే డిస్కులో ఉన్నాయి. దాని మీద బావ ‘ఎస్‌డీబీ, గొంతు’ అని అంటించాడు. మొదటి డిస్కుకు ‘ఎస్‌డీఏ’, పాత ప్రకటనలున్న మూడోదానికి ‘ఎస్‌డీసీ’. కంప్యూటర్ తెర మీద కనబడే పేర్లే అవి.

“బావా, ఆ పేర్లు డిస్కులవి కావు, ఆసుపత్రి టోకెన్ల లాంటివి,” అన్నాను. “ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్‌కి ముందు దొరికిన డిస్కు ఏ, తర్వాతది బీ. ఇవాళ రెండో టోకెన్ తీసుకున్నవాడికి రేపూ రెండోదే వస్తుందా? ప్రతి డిస్కుకీ ముప్ఫై ఆరు అక్షరాల నంబరు ఒకటుంది, అది మారదు. దాంతో పిలవండి.”

“ముప్ఫై ఆరు అక్షరాలా? అది నంబరా, రైలు బండా? మూడేళ్లుగా బీ బీగానే ఉంది కదమ్మా.”

“మూడేళ్లుగా మీరు కొత్త డిస్కు పెట్టలేదు కాబట్టి.”

“నీకు ప్రతిదానికీ భయమే,” అని నవ్వాడు. తెలియకపోవడాన్ని ధైర్యం అనుకునేవాళ్లతో ఏం వాదిస్తాం?

బుధవారం ఉదయం ఆయన కొత్త డిస్కు తెచ్చాడు. ఏకీ బీకీ మధ్య ఖాళీగా ఉన్న అరలో దాన్ని తోసి కంప్యూటర్ ఆన్ చేశాడు. దాంతో కొత్తది బీ అయింది, అక్క గొంతు సీ అయింది, పాత ప్రకటనలు డీ అయ్యాయి. బావ లేబుల్ చూశాడు గానీ తెర చూడలేదు. పాత ప్రకటనలే కదా అని సీని తుడిచెయ్యమని కంప్యూటర్‌కి చెప్పాడు. అదీ పైపైన కాదు, మళ్లీ ఏదీ తిరిగి రాకుండా మొత్తం సున్నాలతో నింపమన్నాడు. ఏ పనైనా శుభ్రంగా చేసే మనిషి కదా! నిజంగా తుడిచెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది కూడా. అవునన్నాడు.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి గాజు గది ముందు కూలబడి ఉన్నాడు.

“గొంతు కనిపించట్లేదమ్మా,” అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. “మీ నుదుటి మీద కూడా ఒకటి అంటించుకోండి, ఏం రాయాలో నేను చెబుతాను,” అన్నాను. అన్నీ అనేశాక తీరిగ్గా, నా దగ్గర కాపీ ఉందన్నాను. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఆ డిస్కు మొత్తం నా విడి డిస్కు మీదకు వెళ్లేలా ప్రోగ్రాం రాసి పెట్టాను మరి. ఆయన ప్రాణం లేచొచ్చినట్టు చూస్తుంటే నాకెంత గర్వమో!

తెరిచాను. ఖాళీ.

ప్రోగ్రాం చూశాను. ‘ఎస్‌డీబీని కాపీ చెయ్యి’ అని ఉంది. ముప్ఫై ఆరు అక్షరాలు కొట్టడానికి బద్ధకించి, తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. పన్నెండింటికి అది చెప్పినట్టే చేసింది. ఏమీ లేని కొత్త డిస్కును తెచ్చి నిన్నటి కాపీ మీద రాసింది. సిగ్గుతో చచ్చిపోయాను. బావ లేచి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగింటికి అక్క ఆసుపత్రి సంచితో వచ్చింది. ఆరింటికల్లా అక్కడ చేరాలి. మేం చెప్పింది విని, సంచి కింద పెట్టి గడియారం చూసింది.

“గంటలో ఎన్ని వాక్యాలవుతాయే?” అంది బొంగురు గొంతుతో.

“డెబ్బై అవుతాయేమో. లిస్టు తేనా?”

“అవతల పారెయ్యి. రైలెన్నింటికని నేనెవర్ని అడగాలి? మీ ఇద్దరితో బతకడానికి ఏం కావాలో నాకు తెలుసు. మైకు పెట్టు.”

గాజు వెనక కూర్చుని మొదలుపెట్టింది. “లేబుల్ కాదండీ, తెర చూడండి.” “ఆ మిషన్ ఇలా ఇవ్వండి.” “నీకే అన్నీ తెలుసా?” “ఇద్దరికిద్దరూ సరిపోయారు.” అరవై ఎనిమిది వాక్యాలయ్యేసరికి గొంతు పూర్తిగా పోయింది. అన్నీ తిట్లే.

ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. అక్క టైపు చేసే మిగతా మాటలన్నీ ఎవరిదో యంత్రం గొంతుతో వస్తాయి. మొన్న నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని, నుదురు నిమురుతూ ఏదో టైపు చేసింది. “తగ్గిపోతుంది తల్లీ, నేనున్నానుగా,” అంది యంత్రం, రైల్వే స్టేషన్‌లో అనౌన్స్ చేసినట్టు. దుఃఖం ఆగలేదు నాకు.

“అక్కా, ఒక్కసారి తిట్టవా?” అన్నాను.

అక్క నా వంక చూసి మీట నొక్కింది.

“నీకే అన్నీ తెలుసా?” అంది మా అక్క.