రంగు కనబడని మీటరు

ఆ ఆసుపత్రికి మూడంతస్తులు. పైఅంతస్తులో ఆర్డర్లు వేసేవాళ్ళు, నడిమి అంతస్తులో వాటిని మోసేవాళ్ళు, కింద ఆ రెండంతస్తులూ తుడిచేవాళ్ళు. పైవాళ్ళు తెల్లవాళ్ళు, నడిమివాళ్ళు గోధుమరంగువాళ్ళు, కిందివాళ్ళు నల్లవాళ్ళు. ఇలా ఉండాలని ఎవరూ గీత గీయలేదు. అడిగితే "అంతా ప్రతిభను బట్టేనండీ" అనేవారు. ప్రతిభకి కూడా రంగుంటుందని ఆ ఊరు వస్తేగానీ తెలియదు.

నడిమి అంతస్తులోని ఊపిరితిత్తుల వార్డుకి ఒకావిడ హెడ్ నర్సు. టైము తప్పితే ఊరుకోదు గనక అందరూ ఆమెని గడియారం సిస్టర్ అంటారు. తాతల కాలంలో మన దేశంనుంచి కూలికోసం ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆమె దగ్గరే సూది పొడవడం నేర్చుకున్న తెల్లపిల్లలు నలుగురు ఇప్పుడు పైఅంతస్తులో కూర్చుని ఆమెకి సర్క్యులర్లు పంపుతుంటారు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే "పోనిద్దురూ, మనకి పని ముఖ్యం" అనేది. అలా అనగలుగుతున్నందుకు తన మంచితనానికి తనే లోలోపల మురిసిపోయేది.

ఆ వార్డులోనే పదకొండేళ్ళుగా ఆయాగా చేస్తున్న నల్లావిడ ఒకామె ఉంది. సిస్టర్ ఈడుదే. రోగుల్ని లేపి కూర్చోబెట్టడం, పక్కలు మార్చడం ఆమె పని. మాట తక్కువ.

ఒక సోమవారం పొద్దున బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన్ని ఆయన కూతురు తీసుకొచ్చింది. ఆమె బడిపంతులమ్మ. పెద్దాయనది కాటుకలాంటి నలుపు. నాలుగడుగులు వేసేసరికి ఆయాసంతో మాట పెగలడంలేదు. కుర్రడాక్టరు వేలికి క్లిప్పు మీటరు తగిలించాడు. రక్తంలో ఆక్సిజను ఎంతుందో చూపించే మీటరది. తొంభై ఆరు చూపించింది.

"బ్రహ్మాండంగా ఉంది! కాస్త భయపడ్డట్టున్నారు, అంతే. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి" అన్నాడు డాక్టరు. పెద్దాయన గుడ్లు తేలేస్తున్నాడు. కానీ మీటరు బాగుందన్నాక మనిషి బాగోలేకపోవడమేమిటి?

డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టబోతున్న సిస్టర్ చెవి దగ్గరికొచ్చి ఆయా మెల్లగా అంది, "రక్తం తీసి చూడండి సిస్టర్. మా వాళ్ళకి ఆ మీటరు ఎక్కువ చూపిస్తుందని మీకు ముందే చెప్పానుగా."

చెప్పింది. మూడేళ్ళ కిందట. వాళ్ళన్నని ఇలాగే మీటరు తొంభై ఐదు చూపించిందని ఇంటికి పంపితే దారిలోనే కుప్పకూలిపోయాడని చెప్పింది. అప్పుడు సిస్టర్ ఏమందో సిస్టర్‌కి బాగా గుర్తుంది. "నువ్వెప్పుడు డాక్టరువయ్యావమ్మా?" అని నవ్వింది. చుట్టూ ఉన్న నర్సులూ నవ్వారు. ఆయా తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచి వెళ్ళిపోయింది.

ఈసారి నవ్వు రాలేదు. డాక్టరు అటు తిరగ్గానే సిస్టర్ పెద్దాయన మణికట్టు దగ్గర రక్తం తీసి ల్యాబుకి పరిగెత్తించింది. పావుగంటలో కాగితం వచ్చింది. ఎనభై ఒకటి. పెద్దాయన్ని ఇంటికి పంపి ఉంటే సాయంత్రానికి మనిషి మిగిలేవాడు కాదు. వెంటనే ఆక్సిజను పెట్టారు. పన్నెండోరోజున తన కాళ్ళమీద తను నడిచి వెళ్ళాడు.

ప్రాణం నిలబెట్టినందుకు సిస్టర్‌కి బహుమానం రానే వచ్చింది. డాక్టరు చెప్పకుండా పరీక్ష చేయించినందుకు మెమో. గోరుచుట్టు మీద రోకటిపోటులా పెద్దాయన కూతురు పేపరుకి ఉత్తరం రాసింది. "మా నాన్నని చంపబోయింది ఆసుపత్రి మీటరు, కాపాడింది ఒక నర్సు మొండితనం" అని. పేపరువాళ్ళు మొదటిపేజీలోనే వేశారు. దాంతో పైఅంతస్తు కదిలింది. మీటర్లు మార్చారా? లేదు. "రండి, మనసు విప్పి రంగు గురించి మాట్లాడుకుందాం" అని ఒక సభ పెట్టారు. రోగం కాలికైతే మందు నెత్తికి రాశారన్నమాట.

సభ నోటీసు మీద సిస్టర్ ఫోటో వేశారు. ఆమెని అడక్కుండానే. అచ్చులో ఏ మాయ జరిగిందోగానీ ఉన్నరంగుకన్నా రెండుపాళ్ళు తెల్లగా వచ్చింది. ఇంటికి తెస్తే అత్తగారు మురిసిపోయింది.

"ఎంత కళగా ఉన్నావే! ఇంకోటి ఉంటే తీసుకురా, ఫ్రేము కట్టిద్దాం."

అత్తగారి ముందు చిన్నకొడుక్కి చూస్తున్న పెళ్ళికూతుళ్ళ ఫోటోలు పరిచి ఉన్నాయి. ఒకటి తీసి పక్కన పడేసింది. "పిల్ల లక్షణంగానే ఉంది, చదువూ ఉంది. చాయే తక్కువ."

"అయితే ఆసుపత్రిలో మేమూ తక్కువే అత్తయ్యా. సభ దానిగురించే."

"నీకెందుకే ఆ గొడవ? మనమేమన్నా వాళ్ళలా నల్లవాళ్ళమా? వాళ్ళెక్కడ, మనమెక్కడ!" అంది అత్తగారు. ఆవిడదీ ఇనుపరంగే. గురివిందగింజ తన నలుపెరగదన్న సామెత సిస్టర్ నాలుక చివరిదాకా వచ్చింది. నవ్వబోయింది. మూడేళ్ళ కిందట వార్డులో నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ రోజు అత్తగారి మాటే తన నోటినుంచి వచ్చింది, కాస్త చదువుకున్న భాషలో.

సభరోజు హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. వేసింది ఆయాయే. వేసి, బయట గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెకి పిలుపు లేదు. రంగు గురించి మాట్లాడడానికి పిలిచినవాళ్ళలో నలుపు తప్ప అన్ని రంగులూ ఉన్నాయి. మాట్లాడించడానికి వచ్చిన శిక్షకురాలు తలా ఒక రంగుకాగితం పంచిపెట్టింది.

"మీ మనసులో బాధ ఏ రంగులో ఉందో చూడండి. ముందుగా అందరం గట్టిగా ఊపిరి పీల్చుకుని వదులుదాం."

"పెద్దాయనకి కష్టమైంది సరిగ్గా అదేనండీ" అంది సిస్టర్.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "నేను మనసులోమాట చెబుతాను. నాకు మనుషుల్లో అసలు రంగే కనబడదు."

"ఆ మీటరుకీ అదే జబ్బు సార్" అంది సిస్టర్. "దానికీ రంగు కనబడదు. తెల్లచర్మం ఒక్కటే లోకంలో ఉన్నట్టు లెక్క చెబుతుంది. అందుకే నల్లవాళ్ళు ఊపిరాడక కొట్టుకుంటున్నా, నిమ్మకు నీరెత్తినట్టు తొంభై ఆరంటుంది."

శిక్షకురాలు చేతులు జోడించింది. "మీ బాధని మాతో పంచుకున్నందుకు కృతజ్ఞతలు."

"ఇది బాధ కాదమ్మా, రీడింగు. తేడా తెలియకపోతే మనుషులు పోతారు." సిస్టర్ లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. "నువ్వు లోపలికి రా. ఇది ముందు కనిపెట్టింది నువ్వు. నువ్వే చెప్పు."

ఆయా లోపలికొచ్చింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఖాళీ కుర్చీలు మూడున్నాయి.

"చెప్పేదేముంది" అంది. "మా అన్న ఇలాగే పోయాడు. మూడేళ్ళ కిందటే చెప్పాను."

"ఎవరికి చెప్పావు?" అన్నాడు సూపరింటెండెంటు చురుగ్గా.

ఆయా తలెత్తి సిస్టర్‌ని చూపించింది. "ఈ సిస్టర్‌కే. నవ్వారు."

సిస్టర్‌కి ఇంత ధైర్యం చేసి పిలిస్తే నా పరువే తీస్తుందా అని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. 'ఎప్పుడు చెప్పావు, నాకు గుర్తులేదే' అని ఒక్కమాట అంటే అయిపోయేది. ఆ హాల్లో అందరూ హెడ్ నర్సు మాటే నమ్మేవారు.

"నిజం" అంది. "చెప్పింది. నేను నవ్వాను. నాలాంటిదాన్ని పైవాళ్ళు ఎలా చూస్తారో, దీన్ని నేనూ అలాగే చూశాను. ఆ మూడేళ్ళలో ఎంతమందిని సంతకం పెట్టి ఇంటికి పంపానో నాకు తెలియదు."

సూపరింటెండెంటు మొహం వెలిగిపోయింది. "చూశారా! తప్పు అందరిలోనూ ఉంది." అందరిదీ అయ్యాక ఇక ఎవరిదీ కాదుగా. "అందుకని ఒక కమిటీ వేద్దాం."

"కమిటీ తర్వాత. నల్లవాళ్ళెవరైనా ఆయాసంతో వస్తే మీటరు ఒక్కటే చూసి పంపకూడదు, రక్తపరీక్ష చేయాలి. ఆర్డరు ఇవాళ ఇవ్వండి సార్."

"కమిటీ పరిశీలిస్తుంది" అన్నాడాయన. మధ్యాహ్నానికి కుర్చీలు మళ్ళీ ఆయాయే ఎత్తిపెట్టింది. సభ చాలా బాగా జరిగిందని రిపోర్టు వెళ్ళింది.

ఆ ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితం మీద నర్సు సంతకం లేనిదే ఏ రోగీ గేటు దాటడు. మర్నాటినుంచి సిస్టర్, ఆమె కింది ముగ్గురు నర్సులూ పెన్నులు జేబులో పెట్టేశారు. ఆయాసంతో వచ్చిన నల్లవాళ్ళెవరికైనా సరే, రక్తపరీక్ష రాయందే సంతకం లేదు. ఎవరి ఊపిరి ఎలా ఉందో ముందుగా ఆయా చూసి చెప్పేది. ఆమె కన్ను ఆ మీటరుకన్నా నయమని తేలడానికి రెండురోజులు పట్టలేదు. కుర్రడాక్టరు మొదట చిర్రుబుర్రులాడాడు. నాలుగోరోజున మీటరు తొంభై ఐదంటే ల్యాబు ఎనభై మూడన్న ఒక తల్లిని చూశాక, తనే పరీక్ష రాయడం మొదలుపెట్టాడు.

పైఅంతస్తుని కదిలించింది ఆ తల్లి కాదు. ల్యాబు పెద్ద. "పని రెండింతలైంది, మావల్ల కాదు" అని ఆయన బల్ల గుద్దాడు. ప్రాణాలు పోతే వినబడని చోట బల్ల చప్పుడు వినబడింది. లెక్కలు తెప్పించారు. తొమ్మిదిరోజుల్లో ఇరవై రెండుమందికి పరీక్ష చేస్తే ఐదుగురి విషయంలో మీటరు అబద్ధమాడింది. ఈ ఐదుగురి సంగతి కూడా పేపరుకెక్కితే ఏమవుతుందో సూపరింటెండెంటుకి వేరే చెప్పక్కర్లేదు. కమిటీ ఒక్కసారి కూడా కూర్చోకుండానే ఆర్డరు వచ్చేసింది. సిస్టర్ అడిగినదే, అక్షరం పొల్లుపోకుండా. కింద "యాజమాన్యం ముందుచూపుతో తీసుకున్న చర్య" అని ఒక వాక్యం. అభినందనలు సూపరింటెండెంటుకి, శిక్షకురాలికి, ల్యాబుకి, హెడ్ నర్సుకి. ఆయా ఊసు లేదు.

ఆ కాగితాన్ని వార్డులో గోడకి అంటించాక సిస్టర్ దానికేసి కాసేపు చూసింది. పెన్ను తీసి అభినందనల చివర ఆయా పేరు రాసింది. ఆఫీసు కాగితం పాడుచేసినందుకు రెండో మెమో వస్తుందని తెలుసు. రానీ అనుకుంది. ఆయాని పిలిచి చూపించింది, కాస్త గర్వంగానే.

ఆయా దగ్గరికెళ్ళి చదువుకుంది. ఆమె మొహంలో సంతోషం కోసం సిస్టర్ ఎదురుచూస్తోంది.

"ఇది నా పేరు కాదు సిస్టర్" అంది ఆయా. "నా ముందు ఇక్కడ చేసినామెది. వచ్చిన కొత్తలో పొరపాటున నన్నలా పిలిచారు. సరేలే అని ఊరుకున్నాను."

పదకొండేళ్ళు! సిస్టర్ క్షమించమందామనుకుంది. ఆ మాటతో తన బరువు తగ్గుతుందిగానీ ఆమెదేం తగ్గుతుందనిపించింది. రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి పెన్ను ఆమెకి అందించింది.

"మీరే రాయండి" అంది.

ఆయా ఎవర్ని అంటోందోనని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. అప్పుడు పెన్ను తీసుకుని, ఏ తొందరా లేకుండా, ఒక్కో అక్షరం పెద్దదిగా, సూపరింటెండెంటు సంతకం మీదికి కూడా కాస్త ఎక్కేలా రాసింది.