దొరలమండి

ఎంసెట్‌కి పైవాళ్ళు ఎన్నిసార్లు పేరు మార్చినా జనం నోట్లో అది ఎంసెట్టే. ఆ ఎంసెట్‌లో బేబికి పదకొండు వేల నాలుగు వందల పన్నెండో ర్యాంకు వచ్చింది. అనంతగిరి మండలంలో తారురోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు ఎక్కితే గానీ రాని పనసగుడలో, చోడి నారు పీకుతున్న వాళ్ళ నాన్న సుక్రు ఆ అంకె విని, "పదకొండు వేలే! శానా ఎక్కువే వచ్చిందే గుంటా" అని మురిసిపోయాడు. అంకె చిన్నదైతేనే గొప్పని ఆయనకి నచ్చజెప్పేసరికి బేబికి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆయన ఒక్కటే అడిగాడు. "అయితే నువ్వనే ఆ కాలేజీ వత్తాదా, రాదా?"

అదే కదా అసలు సంగతి. తొమ్మిదో తరగతిలో విశాఖ విహారయాత్రకు తీసుకెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి చూసింది ఆ గవర్నమెంటు ఇంజినీరింగు కాలేజీని. అప్పటినుంచి పిల్లకి వేరే ధ్యాస లేదు. కంప్యూటర్ సైన్సు చదివితే అక్కడే చదవాలి. పనసగుడలో అంతవరకూ పదో తరగతి దాటిన ఆడపిల్లే లేదు. మరి ఆ కాలేజీ గుమ్మం దాకా వచ్చిన ర్యాంకు లోపలికి రానిస్తుందో లేదో చెప్పేవాడెవడు?

అరకులో అలాంటి సందేహాలన్నీ తీరేది సత్యనారాయణ జిరాక్సు షాపులో. పేరుకి జిరాక్సు షాపే గానీ అందులోనే నెట్టు, ఫోటోలు, లామినేషను, దరఖాస్తులు, అన్నీ. ముప్పై ఏళ్ళ కిందట విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన సత్యనారాయణకు ఈ కొండల్లో ఏ ఊళ్ళో ఎవరుంటారో, ఎవరి తాత పేరేమిటో కొట్టిన పిండి. ర్యాంకు చెబితే చాలు, కళ్ళు మూసుకుని "నీకొస్తాదమ్మా" అనో, "ఆశ వదులుకో బాబూ" అనో తేల్చేస్తాడని పేరు.

శుక్రవారం సంత రోజున బేబి, సుమ కలిసి ఆ షాపుకెళ్ళారు. సుమది అరకుకి రెండు కిలోమీటర్ల దూరంలోని ఊరు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇద్దరూ గురుకులంలో ఒకే బెంచీ, ఒకే కంచం, ఒకే మంచం. సుమ ర్యాంకు పదహారు వేల ఎనిమిది వందల డెబ్భై. బయట జోరువాన. షాపులో సత్యనారాయణ లేడు. కంటికి శుక్లాల ఆపరేషనుకి విశాఖ వెళ్ళాడట. ఆయన కుర్చీలో అల్లుడు మోహన్‌కృష్ణ కూర్చుని ఉన్నాడు. నూజివీడు వైపు మనిషి, వచ్చి ఇంకా నెల కాలేదు. మర్యాదస్తుడు. ఆ మర్యాదే కొంప ముంచుతుందని అప్పటికి ఎవరికి తెలుసు?

"ర్యాంకెంతమ్మా?" అన్నాడు ముందున్న బేబిని చూసి.

చెప్పింది. ఆయన ఒక లావుపాటి పుస్తకం తీశాడు. కిందటేడు ఏ కాలేజీలో, ఏ కులానికి, ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగిపోయాయో అందులో వరసగా అచ్చేసి ఉంది.

"మీరేమిట్లు?" అని అడిగాడు. కులం అడగడానికి వాళ్ళ వైపు మర్యాద అది.

"దొరలమండి" అంది బేబి.

మోహన్‌కృష్ణ తలెత్తి ఆమెను మళ్ళీ చూశాడు. లేచి, కౌంటరు పక్కనున్న స్టూలు తువ్వాలుతో తుడిచి, "కూర్చోండమ్మా, నిలబడ్డారేం" అన్నాడు. అంతవరకూ అండీ అననివాడు అండీల్లోకి దిగిపోయాడు. ఇంత మంచి మనిషి ఉంటాడా అనుకుని బేబి స్టూలు అంచున ఒదిగి కూర్చుంది.

ఆయన వేలు గళ్ళ మీదుగా జరిగి ఒకచోట ఆగింది. పెదవి విరిచాడు.

"రెండు వేల మూడు వందలకే ఆగిపోయిందండీ కిందటేడు. మీది పదకొండు వేలు. ఛాన్సే లేదు."

"కొంచెం కూడానా సార్?"

"రెండు వేలెక్కడ, పదకొండు వేలెక్కడ! ఆప్షన్లలో ఆ కాలేజీ అసలు పెట్టకండి. రానిదాన్ని పైన పెడితే వచ్చేది కూడా చెడుతుంది."

ఈ ముక్క ఎవడు పుట్టించాడో గానీ, వాడి నోట్లో మట్టి కొట్ట. ఆప్షన్లంటే మనకు కావలసిన కాలేజీల పేర్లు మన ఇష్టం వచ్చిన వరసలో పెట్టుకోవడం. కంప్యూటరు పైనుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకి ఏది ముందు దొరికితే అది ఇస్తుంది. దొరకనిది పెడితే పోయేదేమీ లేదు. కానీ అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకున్న మనిషి చెబుతుంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏమని ఎదురు చెబుతుంది? బేబి లేచి బయటి మెట్ల మీదకు పోయి, చూరు నీళ్ళు మొహాన పడుతున్నా అలాగే నిలబడింది. ఏడుస్తోందని సంతలో ఎవరికీ తెలియకుండా ఆ నీళ్ళే కాపాడాయి.

లోపల సుమ తన వంతు కానిచ్చుకుంది. పావుగంట తర్వాత బేబి కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి సుమ ఆప్షన్లు పెట్టడం కూడా అయిపోయింది.

"నువ్వెట్టావేటే, ఆ కాలేజీ?" అంది బేబి.

"ఊరికే ఎట్టాను. నాకేటొస్తాది!"

"నన్నూ ఎట్టమంటావా?"

సుమ బ్యాగు జిప్పు సరిచేసుకుంటూ, "సార్ సెప్పారు కదే" అంది.

బేబి పెట్టలేదు. ఆమె జాబితాలో అన్నీ ప్రైవేటు కాలేజీలే పడ్డాయి.

పదకొండు రోజుల తర్వాత మొదటి విడత సీట్లు ఇచ్చారు. పనసగుడలో ఫోనుకి సిగ్నలు అందేది ఊరి పైనున్న కాఫీ తోటలోనే. బేబి అక్కడికెక్కి చూసుకుంది. అనకాపల్లి అవతల ఎక్కడో ప్రైవేటు కాలేజీ. సరే, రాసిపెట్టింది ఇంతే అనుకుని కిందికి దిగబోతుంటే గురుకులం వాట్సాప్ గ్రూపులో టింగుమంది. లెక్కల సారు ఫోటో పెట్టారు. కింద అభినందనలు. విశాఖ గవర్నమెంటు కాలేజీ, కంప్యూటర్ సైన్సు. ఫోటోలో సుమ.

బేబి మళ్ళీ చదివింది. మూడోసారీ చదివింది. పదహారు వేలకి! మిరియాల తీగ పాకిన చెట్టుకి చేరగిలబడింది. సంతోషించాలా, ఏడవాలా? స్నేహితురాలికి సీటొస్తే సంతోషించాలి, నిజమే. కానీ పదహారు వేలకి తలుపు తీసిన కాలేజీ పదకొండు వేలకి ఎందుకు మూసుకుంటుంది? సుమకి ఫోను చేసింది. ఎత్తలేదు. ఆరుసార్లు చేసింది. ఆ ఆనందంలో ఫోను ఎక్కడ పడేసిందోలే అని సరిపెట్టుకుంది, వెర్రిబాగులది.

మర్నాడు పొద్దున్నే జీపెక్కి అరకు చేరింది. షాపులో సత్యనారాయణ నల్లద్దాలు పెట్టుకుని తన కుర్చీలోకి తిరిగొచ్చేశాడు. అల్లుడు పక్కన జిరాక్సులు తీస్తున్నాడు.

"సావుకారూ, పదారు వేలకొచ్చిన సీటు పదకొండు వేలకి ఎందుకు రాలేదు?" అంది బేబి. నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయింది.

"రాకపోడమేటమ్మా? సుక్రు కూతురివి కదూ నువ్వు? నడుసుకుంటా వస్తాది. అసలెట్టావా నువ్వు?"

"లేదండి. సారు ఛాన్స్ లేదన్నారు."

సత్యనారాయణ నల్లద్దాలు పైకి తోసి అల్లుడి వైపు తిరిగాడు. మోహన్‌కృష్ణ కంగారు పడలేదు. తప్పు చేశానన్న అనుమానమే లేనివాడు కంగారెందుకు పడతాడు? పుస్తకం తెచ్చి, అదే పేజీ విప్పి, అదే గడి మీద వేలు పెట్టాడు.

"చూడండి మావయ్యగారూ. ఓసీ అమ్మాయిలు, రెండు వేల మూడు వందలు."

"ఓసీ ఏటయ్యా!" సత్యనారాయణ అరుపుకి వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగారు. "ఈ గుంట ఓసీ ఏటి? నీకు మతి పోయిందా?"

"దొరలమని ఆ అమ్మాయే చెప్పిందండీ! మా వైపు దొరలంటే…"

"మీ వైపు దొరలు కోటల్లో ఉంటారయ్యా! ఈళ్ళు కొండదొరలు! ఎస్టీలు! ఈ ఏజెన్సీలో సంటిపిల్లాణ్ణి అడిగినా సెప్తాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, పేరులో దొర ఉంటే జమీ ఉంటాదనుకున్నావా?"

మోహన్‌కృష్ణ మొహం సున్నం కొట్టినట్టయింది. గడి మీది వేలు తీసేశాడు. బేబి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దొరలమండి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి హాస్టల్లో, ఆసుపత్రిలో, రేషను షాపులో ఎవరడిగినా చెప్పిన మాటే. ఆ మాటకి వేరే అర్థం ఒకటుందని, దాన్ని విని ఒకడు లేచి స్టూలు తుడుస్తాడని ఆమెకు ఎవరు చెప్పారు? తన కులం పేరు తనే చెప్పుకుని తన సీటు తనే పోగొట్టుకుంది. ఇంతకన్నా ఘోరం ఉంటుందా అనిపించింది.

ఉంది. అది మోహన్‌కృష్ణ నోటివెంట, పాపం, ఏ దురుద్దేశమూ లేకుండా వచ్చింది.

"మరి ఆ రెండో అమ్మాయైనా చెప్పలేదండీ! తను ఎస్టీ అని చెబితే ఎస్టీ గడే చూశాను. అప్పుడు అడిగింది కూడా, ఇందాక దానికి ఏ గడి చూశారు సార్ అని. ఓసీ అమ్మా, వాళ్ళు దొరలట కదా అన్నాను. లేచి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. తర్వాత, అవున్సార్, దొరలే, అంది."

బేబికి ముందు ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ బుర్రకెక్కలేదు. ఎక్కాక పుస్తకం తన వైపు తిప్పుకుని ఎస్టీ గడి వెతుక్కుంది. సత్యనారాయణ గబగబా కంప్యూటర్లో ఆ కాలేజీ జాబితా తెరిచాడు. ఎస్టీ అమ్మాయిల వరసలో ఆఖరి పేరు సుమది. దాని కింద ఇంకేమీ లేదు.

"రెండో విడత ఉంటాదమ్మా" అన్నాడు మెల్లగా. "కానీ ఉన్నవాళ్ళలో ఎవులో ఒకలు వదిలితేనే గానీ సీటు లేదు."

సుమ ఊరికి ఆటో కోసం కూడా ఆగలేదు బేబి. రెండు కిలోమీటర్లూ వానలో నడిచింది. దారి పొడుగునా తనకి తనే సర్దిచెప్పుకుంది. సుమకి అర్థమై ఉండదు. అది అమాయకురాలు. ఓసీ అంటే ఏమిటో ఆ క్షణానికి తట్టి ఉండదు. జ్వరమొస్తే రాత్రంతా తలమీద తడిగుడ్డ వేసిన పిల్ల అది, తన కోసం వార్డెనుతో దెబ్బలు తిన్న పిల్ల. మోహన్‌కృష్ణే తప్పు విని ఉంటాడు. దొర అన్న మాటే సరిగ్గా వినలేనివాడు ఇంకేం విన్నాడో!

సుమ అరుగు మీద కూర్చుని సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటోంది. తడిసి ముద్దయి వచ్చిన బేబిని చూడగానే లేచి నిలబడింది. ఏమిటే ఇలా వచ్చావు అని అడగలేదు. ఎందుకొచ్చిందో తెలిసినవాళ్ళే అడగరు. బేబి సర్దిచెప్పుకున్నవన్నీ అక్కడే కూలిపోయాయి.

"ఆరోజు నీకు తెలుసా?" అంది బేబి.

సుమ తల ఊపింది.

"తెలిసే సెప్పలేదా?"

"తెలిసే."

కనీసం అబద్ధమైనా ఆడలేదు. అబద్ధమాడితే అరవడానికి, జుట్టు పట్టుకోవడానికి వీలుండేది.

"ఎందుకే?"

"కిందటేడు మనకి పదారు వేల ఆరొందలకి ఆగిపోయింది" అంది సుమ, నేల చూపులు చూస్తూ. "నాది దాటిపోయింది. ఒక్కరు తగ్గితే సాలనుకున్నాను. నిన్ను పిలుద్దామనే గుమ్మం దాకా వచ్చాను. నువ్వు అటు తిరిగి ఉన్నావు. మళ్ళీ ఎల్లి కూకున్నాను."

"వదిలెయ్. రెండో విడతలో నాకొస్తాది. అది నా సీటే."

"వదల్ను."

ఇంట్లోంచి సుమ వాళ్ళమ్మ సోములమ్మ ఎవరొచ్చారే అని కేకేసింది. సుమ మొదటిసారి తలెత్తి బేబి కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి, కానీ చేతులు కవరుని రొమ్ముకి అదుముకునే ఉన్నాయి.

"నేను తప్పే సేసాను. కొట్టు, పడతాను. కానీ ఒక్కటి సెప్పు. ఆరోజు నేను సెప్పుంటే నాకీ సీటొచ్చేదా?"

ఏడేళ్ళు పక్కన కూర్చుని లెక్కలు చేసిన పిల్ల అడిగిన లెక్క అది. దానికి ఎటు తిప్పినా ఒకటే జవాబు. బేబికి ఆ చెంప మీద లాగి ఒకటి కొట్టాలనే ఉంది. చెయ్యి లేచింది కూడా.

"రాదు" అంది. ఆ చెయ్యి అలాగే కిందికి దిగిపోయింది.