జబ్బుల పంపకాలు

అక్క చేతులు బిగుసుకుపోయిన ఏడాదే చెల్లెలి చేతికి కత్తెర వచ్చింది. ఆ రెండూ వేర్వేరు సంగతులని ఇంట్లో అందరూ అంటారు. అక్క లెక్కలో మాత్రం అవి ఒకటే సంగతి.

వాళ్లది బట్టలు కుట్టే దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, మధ్యలో పద్నాలుగు మెట్లు. కిటికీ పక్కన తలుపంత పొడుగు బల్ల, దాని మీద కత్తిరింపు. గోడవారగా మూడు మిషన్లు, వెనక గదిలో ఇస్త్రీ. ఆ దుకాణంలో ఒకటే చట్టం: ఎంతమంది కుట్టినా బట్ట కత్తిరించేది ఒక్కరే. ఆ కత్తెరతో ఇంకొకరు దారప్పోగు కూడా తెంపకూడదు. ముందు అమ్మమ్మ, తర్వాత అమ్మ, ఇరవై నాలుగో ఏట అక్క. ఏడేళ్లు ఆ బల్ల దగ్గర అక్కే నిలబడింది.

తర్వాత కీళ్లవాతం వచ్చింది. ముసలివాళ్లకి వచ్చేది కాదు, ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్లే తిరగబడి సొంత కీళ్లని కొట్టే రకం. పొద్దున లేవగానే దుప్పట్లోనే పిడికిలి బిగించి చూసుకోవడం అక్కకి అలవాటైంది. పాత కంప్యూటర్ ఆన్ అయినట్టు ఒక్కో వేలూ ఎప్పుడో తీరుబడిగా పలికేది. అన్నీ పలికేసరికి గంట.

మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మ కూడా వచ్చింది. మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా, కీళ్లు గానీ, థైరాయిడ్ గానీ, తెల్లమచ్చలు గానీ, చిన్నప్పటి నుంచి షుగర్ గానీ అని ఆవిడ అడిగింది. అమ్మ వీపు నిటారుగా పెట్టి, మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదని చెప్పింది. అబద్ధం చెప్పాలని కాదు. వాళ్లింట్లో ఏ జబ్బునీ జబ్బనరు, అంతే. అమ్మమ్మ చేతుల మీద తెల్లమచ్చలుంటే 'అమ్మమ్మది రెండు రంగుల చెయ్యి' అనేవాళ్లు. పదేళ్ల వయసు నుంచీ రోజుకి నాలుగు సూదులు పొడుచుకునే పిన్నికి 'తీపి పడదు'. అమ్మ ఇరవై ఏళ్లుగా పరగడుపున మింగేది 'గొంతు మాత్ర'. అది మంచినీళ్ల గ్లాసుతో పాటు వచ్చే వస్తువే కానీ మందు కాదు.

కాబట్టి డాక్టరమ్మ కాగితం మీద 'కుటుంబంలో ఎవరికీ లేదు' అని రాసుకుంది. ఆ మాట అక్క గుండెల్లో ముల్లులా దిగింది. ఎవరికీ లేనిది నాకే ఎందుకు వచ్చింది? పోనీ రానీ. ఒకే కడుపున పుట్టి, ఒకే కంచంలో తిని, ఒకే మంచం మీద దుప్పటి కోసం కొట్టుకున్నది ఇంకొకతి ఉందిగా. దాని చేతులెందుకు అంత బాగుండాలి?

చెల్లెలి చేతులు నిజంగానే బాగుంటాయి. కత్తెర దాని చేతిలోకి వెళ్లాక నెల తిరక్కుండానే వచ్చినవాళ్లంతా చిన్నమ్మాయి కత్తిరిస్తే భుజం భలే కూర్చుంటోందని పొగడటం మొదలుపెట్టారు. అక్క ఓ మూల కూర్చుని గుండీలు కుడుతూ, సూది గుచ్చుకున్నదానిలా నవ్వేది. అన్నిటికంటే ఒళ్లు మండేది ఇంకోటుంది. వంటింట్లో అక్క ఏ సీసా మూత దగ్గర తంటాలు పడుతున్నా, చెల్లెలు వెనక నుంచి వచ్చి, మాట్లాడుతున్న మాట ఆపకుండా ఆ మూత తిప్పి ఇచ్చి వెళ్లిపోయేది. కనీసం గొప్పలు పోయినా బాగుండేది. తిట్టుకోవడానికి ఒక వంకైనా దొరికేది.

అందుకని ఈ నాలుగైదు నెలలుగా చెల్లెలు లావెక్కుతుంటే అక్కకి లోపల్లోపల చల్లగా ఉంది. మొహం ఉబ్బింది. జుట్టు పలచబడింది. గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం బల్ల మీదే తల వాల్చి నిద్రపోతోంది. అందరికీ ఉక్కపోస్తుంటే తను మాత్రం శాలువా కప్పుకుంటోంది. అక్క దీనికి ఒకటే పేరు పెట్టింది: సుఖం ఒంటికి పట్టడం. నా కత్తెర పట్టుకుని, నా కిటికీ పక్కన నిలబడితే ఎవరికైనా పడుతుంది.

ఆ రోజుల్లోనే నాటకాల కంపెనీ మేనేజరు పద్నాలుగు పొడుగు అంగీలు కుట్టమని వెల్వెట్ తాను దింపి వెళ్లాడు. వెల్వెట్‌తో ఒక చిక్కుంది. దానికి నూగు ఉంటుంది. ఒక వైపు నిమిరితే పిల్లి వీపులా జారుతుంది, ఎదురు నిమిరితే గరగరలాడుతుంది. ఒక బట్టకి కత్తిరించే ముక్కలన్నిటికీ నూగు ఒకే వాటంలో ఉండాలి. ఒక్క ముక్క తలకిందులైనా, దీపాల కింద అది వేరే రంగులా కనిపిస్తుంది. ఈ దుకాణంలో ఆడపిల్లలకి అక్షరాలకంటే ముందు నూగు నేర్పుతారు. కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చెప్పాలి.

అక్క రెండు ముక్కలు కలిపి కుట్టి, దీపం వేసి చూసింది. కుడివైపు పండిన ద్రాక్ష రంగు. ఎడమవైపు ఎండలో ఆరేసి మర్చిపోయిన దాని రంగు. ఇంకో జత తీసింది. అదీ అంతే. చెల్లెలు కత్తిరించిన ఐదు అంగీలకీ ఎడమ ముక్కలన్నీ తలకిందులే.

అక్కకి కలిగింది సంతోషమే. దానికి ఇంకో పేరు పెట్టడానికి కాసేపు ప్రయత్నించి మానుకుంది. ఆ అంగీని బొమ్మకి తొడిగి, అమ్మ మెట్లు దిగగానే కనబడేలా సరిగ్గా దీపం కింద నిలబెట్టి, తన మూలకి వెళ్లి గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం పడలేదు.

అమ్మ చాలా మాటలంది. బట్ట మళ్లీ తెప్పించాలంది. కళ్లు ఎక్కడ పెట్టుకుని కత్తిరించావంది. చివరికి కత్తెర తీసి అక్క ముందు పెట్టి, కొత్త ఇంజెక్షన్ మొదలయ్యాక నీ వేళ్లు కాస్త తేరుకున్నాయిగా, రేపట్నుంచి నువ్వే చూసుకో అంది. చెల్లెల్ని వెనక గదిలో ఇస్త్రీకి పంపింది.

చెల్లెలు ఎదురు చెప్పలేదు. "అవును, చూసుకోలేదు" అని శాలువా సర్దుకుని వెళ్లిపోయింది. ఇస్త్రీ పెట్టె ఆలస్యంగా వేడెక్కితే దానితో కూడా పోట్లాడే మనిషి. అక్కకి అది కాస్త వింతగా తోచింది. కానీ కత్తెర చేతిలో ఉంది. వింతల గురించి ఆలోచించే తీరిక లేదు.

మర్నాడు పొద్దున అమ్మ మాత్ర మింగుతూ ఇంకా కోపం చల్లారక గొణుగుతోంది. "నాకు మాత్రం నీరసం లేదా ఏంటి? మీరు బడికెళ్లే రోజుల్లో నేను నిలబడే నిద్రపోయేదాన్ని. మొహం చూస్తే పొంగిన పిండి ముద్ద. ఎండాకాలంలో కూడా స్వెట్టరే. అయినా వెల్వెట్ తిరగేసి కత్తిరించానా?"

గ్లాసు ఖాళీ చేసి, మాత్రల డబ్బా అలమరాలో పెట్టి అమ్మ కిందికి వెళ్లిపోయింది. తానేం చెప్పిందో తనకే తెలియలేదు.

అక్కకి తెలిసింది. అలమరా ముందు అలాగే నిలబడిపోయింది. ఉబ్బిన మొహం, చలి, నిద్ర, బొంగురు గొంతు. డాక్టరమ్మ మొదటి రోజు అడిగిన జాబితాలో రెండో మాట, థైరాయిడ్. మూడు మెట్లు దిగి, చెల్లెల్ని పిలిచి, నువ్వు రక్తం పరీక్ష చేయించుకో అంటే చాలు. దానికి పట్టేది అర నిమిషం. అప్పుడు అమ్మ అయ్యో అంటుంది. చిన్నది కావాలని చెయ్యలేదని తేలుతుంది. మందు వేసుకుంటే తేరుకుంటుంది. తేరుకుంటే కత్తెర మళ్లీ దాని దగ్గరికి వెళ్తుంది.

అక్క కిందికి దిగి వెల్వెట్ తాను విప్పింది.

చెబుదాంలే, ఈ అంగీ అయ్యాక, అనుకుంది. అది అయ్యాక ఇంకోటి. వెల్వెట్‌లోకి కత్తెర దిగే చప్పుడు మెత్తగా, ఎవరో చెవిలో ఊరడిస్తున్నట్టు ఉంటుంది. రెండేళ్లుగా ఆ చప్పుడు గది అవతల నుంచి విన్నది. ఇప్పుడు తన మణికట్టు నుంచి వస్తోంది. సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి పొడిచినా ఆపలేదు. వెనక గది నుంచి ఇస్త్రీ ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా మాత్రం తల ఎత్తేది కాదు.

ఆరో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే కిటికీ ముందు చెల్లెలు అటు తిరిగి నిలబడి ఉంది. రెండు చేతులూ వెలుగులోకి చాపి పిడికిళ్లు బిగిస్తోంది, విప్పుతోంది. మళ్లీ బిగిస్తోంది. ఒక్కో వేలూ వంచి చూసుకుంటోంది. ఆ పని అక్క తప్ప ఆ ఇంట్లో ఇంకెవరూ చెయ్యరు. చూసి నేర్చుకున్నది.

"ఏం చేస్తున్నావే?"

చెల్లెలు చేతులు శాలువాలోకి లాక్కుంది. ఏం లేదంది. అక్క కదలకుండా నిలబడితే కుర్చీలో కూలబడింది.

"రోజూ చూసుకుంటున్నా అక్కా. ఒళ్లంతా బరువుగా ఉంటోంది. వేళ్లు ఉబ్బినట్టున్నాయి. నీకొచ్చిందే నాకూ వస్తోందేమో."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నీలా అయిపోతానేమోనని భయమేస్తోంది అని నీతోనే అనాలా?"

అక్క ఎన్ని పొద్దులు దుప్పట్లో ముడుచుకుని, దీనికీ వస్తే తెలిసొచ్చేది అనుకుందో. తను కోరుకుంటూ కూర్చున్న గదికి పక్క గదిలోనే ఇది భయపడుతూ కూర్చుంది.

"నాది కాదనుకుంటా నీది" అంది అక్క. "అమ్మది."

"అమ్మకి జబ్బేంటి?"

"గొంతు మాత్ర."

చెల్లెలు అలమరా వైపు చూసింది. దాని మొహంలో ఒక్కొక్కటీ కలవడం అక్కకి కనిపించింది. ఒళ్లు మొద్దుబారినా బుర్ర మాత్రం ఎప్పుడూ చురుకే, అదీ ఒక కుళ్లు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. "ఆరు రోజులైంది."

"ఆరు రోజులూ ఏం చేశావ్?"

"పదకొండు అంగీలు కత్తిరించా."

చెల్లెలు లేచి చెప్పులేసుకుంటూ, "బాగా వచ్చాయిలే, ఇస్త్రీ చేసింది నేనేగా" అంది. అది క్షమించడమో, వాత పెట్టడమో అక్కకి ఇప్పటికీ తెలియదు.

ఈసారి డాక్టరమ్మ దగ్గర అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అక్కే అన్నీ చెప్పించింది. అమ్మమ్మ రెండు రంగుల చెయ్యి, పిన్నికి పడని తీపి, గొంతు మాత్ర. డాక్టరమ్మ కాగితం మీద ఒక్కో మనిషికీ ఒక సున్నా గీసి, గీతలతో కలుపుతూ, సగంలో కలం ఆపి అమ్మ వైపు చూసింది. అమ్మ సీలింగ్ ఫ్యాన్ వైపు చూసింది.

ఆవిడ చెప్పింది అక్క ఇలా అర్థం చేసుకుంది. వంశంలో దిగేది జబ్బు కాదు, ఆ కాపలావాళ్లు తిరగబడే గుణం. ఎవరి మీద తిరగబడతారో, అసలు తిరగబడతారో లేదో ముందుగా చెప్పలేరు. ఇలాంటి ఇళ్లల్లో కూడా చాలామందికి జన్మంతా ఏమీ రాదు. కొందరికి వస్తుంది, అదీ ఒకరికి చేతుల్లో, ఒకరికి చర్మంలో, ఒకరికి గొంతులో. ఒకే తానులోంచి తలా ఒక రకం బట్ట. ఎవరి తప్పూ కాదు. కాకపోతే ఇంట్లో ఉన్నవి ఉన్నట్టు చెబితే డాక్టర్లకి వెతకడం తేలిక.

నాలుగు రోజులకి రక్తం కాగితాలు వచ్చాయి. థైరాయిడే. కాపలావాళ్ల పనే. రోజూ పొద్దున పరగడుపున ఒక మాత్ర వేసుకుంటే, నెమ్మదిగా రెండు మూడు నెలల్లో తేరుకుంటుందన్నారు.

"ఒక్క మాత్రా?" అంది అక్క బయటికి రాగానే.

"ఒక్కటే. గోరంత ఉంది, చూడు."

అక్కకి వారానికోసారి వేసుకుని రెండు రోజులు వికారపడే మాత్రలు. పదిహేను రోజులకోసారి పొట్టలో సూది. అస్తమానం రక్తం పరీక్షలు. ఇంటి పంపకాల్లో పెద్దదానికి మోయలేనంతా ఇచ్చి, చిన్నదానికి గోరంత చేతిలో పెట్టారు. జబ్బులో కూడా దీనిదే మంచి వాటా.

"ఏంటా చూపు? దీనికి కూడా కుళ్లేనా?" అంది చెల్లెలు.

"అవును" అంది అక్క. రోడ్డు దాటేటప్పుడు దాని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. కాసేపు తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

మిగిలిన మూడు అంగీలూ అక్కే కత్తిరించింది. మూడో నెల దాటాక చెల్లెలి గొంతు విచ్చుకుంది, శాలువా మడతపడి బీరువాలోకి వెళ్లింది, ఇస్త్రీ పెట్టెతో పోట్లాటలు మొదలయ్యాయి. ఒక పొద్దున అక్క ఇంకా వేళ్లు పలికించుకుంటుండగా, బేరం మీద బేరం వచ్చి పడింది. అమ్మ కత్తెర వైపు చూసి, ఇద్దరి వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో కొన్నిటికి పేరు పెట్టకపోవడం అమ్మకి అలవాటేగా.

అక్కే కత్తెర తీసి చాచింది. "నా చేతులు లేచేసరికి పది అవుతుంది. అప్పటిదాకా నువ్వు చెయ్యి. పదింటికి ఇచ్చెయ్యాలి."

"ఒక్కరే పట్టుకోవాలిగా?"

"ఒకసారికి ఒక్కరే."

చెల్లెలు బల్ల దగ్గర నిలబడింది. వెల్వెట్టే, ఎవరిదో చిన్న కోటుకి. మెత్తటి చప్పుడు మొదలైంది. అక్క తన మూలలో కూర్చుని గడియారం చూసింది, కిటికీ చూసింది, మళ్లీ గడియారం చూసింది. చెల్లెలు నీళ్లు తాగడానికి పైకి వెళ్లగానే లేచి బల్ల దగ్గరికి వచ్చింది. కళ్లు మూసుకుని, ముక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా అరచేత్తో నిమిరింది.

అన్నీ ఒకే వాటంలో ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు.

అక్క కాస్త నిరాశపడి, ముక్కల్ని సరిగ్గా ఎలా ఉన్నవి అలాగే పేర్చి, మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడేలోగా తన గుండీల దగ్గరికి వచ్చేసింది. పదికి ఇంకా ఇరవై నిమిషాలుంది.